సైటు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించినవి రెండే బాధలు. డబ్బు కట్టి చేయించుకున్న వెబ్‌సైటు మా చేతికి రాలేదని షాపులవాళ్ళు, చేసిచ్చిన సైటుకి డబ్బు మా చేతికి రాలేదని డిజైనర్లు. నారాయణగూడలో ఆరుగురం కలిసి నడుపుకునే చిన్న ఆఫీసు మాది, డిజైన్, కోడింగ్, కంటెంట్ రాయడం, ఫోన్లెత్తడం అన్నీ ఆ ఆరుగురే, అందుకని రెండు వైపుల సంగతీ నాకు తెలుసు. ఉత్తరాలు కొంచెం కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్, వనస్థలిపురంలో మాకు పచ్చళ్ళ షాపుంది, అమెరికా వెళ్ళే పిల్లలకి ప్యాకింగ్ చేసి ఇస్తుంటాం. నాలుగేళ్ళ కిందట తెలిసినవాళ్ళ అబ్బాయి సైటు చేసిపెట్టాడు, 30 వేలు తీసుకున్నాడు, బాగానే చేశాడు. ఏటా రెన్యువల్ అంటే పంపేవాళ్ళం. ఇప్పుడు ఉద్యోగమొచ్చి పుణె వెళ్ళిపోయాడు, ఫోనెత్తట్లేదు, పది రోజుల నుంచి సైటు తెరిస్తే ఏవో ప్రకటనల పేజీ వస్తోంది, ఆర్డర్ల మెయిల్ కూడా ఆగిపోయింది. డబ్బు కట్టింది మేమే కదా, సైటు మాది కాదా?
(ఒక పాఠకురాలు, వనస్థలిపురం)

జవాబు: అమ్మా, ప్రకటనల పేజీ వస్తోందంటే చాలామటుకు మీ డొమైన్ గడువు అయిపోయి ఉంటుంది, పది రోజులే అంటున్నారు కాబట్టి అది వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోయి ఉండదు, ఇంకా టైముంది. కానీ ఇవాళే మొదలుపెట్టండి.

సైటు అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేరువేరు విషయాలున్నాయి. డొమైన్ అంటే షాపు బోర్డు మీద పేరు, దాన్ని ఏడాదికో రెండేళ్ళకో కొంటూ ఉండాలి. హోస్టింగ్ అంటే సరుకు పెట్టుకున్న అద్దె గది. ఇక ఆ గదిలో ఉండే ఫైళ్ళు, ఫోటోలు, ఆర్డర్ల లెక్క. ఈ మూడూ మూడు వేర్వేరు లాగిన్లలో ఉండొచ్చు, మీ విషయంలో మూడూ ఆ అబ్బాయి మెయిల్ ఐడీ మీదే ఉండి ఉంటాయి.

మీది డాట్ కామ్ అయితే, డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ (ICANN) అనే సంస్థ లుకప్ పేజీలో పేరు కొట్టండి, డాట్ ఇన్ అయితే మన దేశంలో ఆ పని చూసే నిక్సీ (NIXI) వాళ్ళ రిజిస్ట్రీలో చూడండి. ఓనర్ పేరు చాలాసార్లు దాచేసి ఉంటుంది గానీ ఏ కంపెనీ దగ్గర కొన్నారు, గడువు ఎప్పటిదాకా అన్నది కనిపిస్తుంది. ఆ కంపెనీకి ఫోన్ చేసి, వేరేవాళ్ళ అకౌంట్లో ఉన్న డొమైన్‌కి రెన్యువల్ డబ్బు మేం కట్టొచ్చా అని అడగండి. డాట్ కామ్‌కి గడువు దాటాక కంపెనీని బట్టి కొన్ని వారాలు మామూలు రేటుకే కట్టించుకుంటారు, ఆ తర్వాత రిడెంప్షన్ అని 30 రోజులుంటుంది, అప్పుడు చాలా ఎక్కువ అడుగుతారు, అదీ దాటితే 5 రోజుల్లో పేరు బయటికి వదిలేస్తారు, ఇక ఎవరైనా కొనుక్కోవచ్చు. పచ్చళ్ళ షాపు పేరు కదా ఎవరు కొంటారులే అనుకోవద్దు, నాలుగేళ్ళు నడిచిన పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు.

ఆ అబ్బాయికి కోపంగా మెసేజ్ పెట్టకండి. ఇలాంటివాటిలో దొంగతనం కంటే బద్ధకం ఎక్కువ అని నా అనుభవం, కొత్త ఉద్యోగంలో పడి పాత పనుల ఫోన్లు ఎత్తడానికి మొహం చెల్లక ఊరుకుంటారు. వాళ్ళ అమ్మగారి ద్వారా కబురు పెట్టండి, మీ ఊళ్ళో సంబంధాలు ఇలాంటప్పుడే పనికొస్తాయి. అడగాల్సింది మాత్రం స్పష్టంగా అడగండి: డొమైన్ మీ పేరున కొత్త అకౌంట్‌లోకి మార్చడం, లేదా ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన ఆథ్ కోడ్ ఇవ్వడం, హోస్టింగ్ లాగిన్, మొత్తం సైటు బ్యాకప్, డేటాబేస్‌తో సహా. డేటాబేస్ అన్న మాట మర్చిపోకండి, ఫైళ్ళు మాత్రమే ఇస్తే ఆర్డర్లూ కస్టమర్ల వివరాలూ రావు.

ఒకవేళ ఏదీ దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్ చూడండి, 2001 నుంచి అందరికీ తెరిచి ఉన్న సర్వీసు అది, మీ పాత పేజీల్లో కొన్ని అక్కడ దాచి ఉండొచ్చు, కనీసం రాసుకున్న వివరాలూ కొన్ని ఫోటోలూ దొరుకుతాయి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, డబ్బు కట్టాం కాబట్టి మాది కాదా అని. న్యాయంగా మీదే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ చట్టం అలా లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి రాసింది కంపెనీది అవుతుంది గానీ, బయటి మనిషికి పని ఇచ్చి చేయించుకుంటే కోడ్ మీదా డిజైన్ మీదా మొదటి హక్కు చేసినవాళ్ళదే, వాళ్ళు కాగితం మీద సంతకం పెట్టి రాసిస్తేనే మీకు వస్తుంది. ఆ కాగితంలో కూడా ఎన్నేళ్ళకి అని రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క, ఏ ప్రాంతానికి అని రాయకపోతే మన దేశం వరకే. మీ సరుకు డల్లాస్ దాకా వెళ్తుంది కదమ్మా, అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటికీ" అన్న మాటలు అందులో ఉండాలి. మీరు డబ్బిచ్చి తీయించుకున్న పచ్చళ్ళ ఫోటోలు మాత్రం వేరే ఒప్పందం లేకపోతే మీవే.

కొత్తగా డొమైన్ తీసుకున్నా పాతది వెనక్కి వచ్చినా, అకౌంట్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబర్ మీద, మీ మామూలు జీమెయిల్ మీద పెట్టండి. డొమైన్ పేరుతో ఉన్న మెయిల్ ఐడీనే డొమైన్ అకౌంట్‌కి ఇచ్చేవాళ్ళున్నారు, గడువు అయిపోయిన రోజు ఆ మెయిలే పనిచేయదు, పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఓటీపీ ఆ ఆగిపోయిన మెయిల్‌కే వెళ్తుంది, తాళం చెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు.

నేను మొదట్లో క్లయింట్ల డొమైన్లన్నీ నా అకౌంట్లోనే కొనేదాన్ని, వాళ్ళకి శ్రమ తగ్గుతుందని. ఒకసారి నా కార్డు గడువు అయిపోయి ఆటో రెన్యువల్ ఆగిపోయింది, ఒక పళ్ళ డాక్టరు గారి సైటు రెండు రోజులు మూతపడింది, అపాయింట్‌మెంట్లన్నీ దాంట్లోనే. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, తిడితే బాగుండేది అనిపించింది. ఆ నెలలోనే ఒక్కొక్కరినీ ఆఫీసుకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ పేరు మీద అకౌంట్లు తెరిపించి అన్నీ మార్చేశాను. ఇప్పుడు మాకు పని చేయడానికి కావాల్సినంత యాక్సెస్ వాళ్ళే ఇస్తారు, వద్దనుకున్న రోజు వాళ్ళే తీసేస్తారు.

ప్రశ్న: అక్కా, మాది సిద్దిపేట దగ్గర పల్లెటూరు. ఎస్సార్ నగర్ హాస్టల్ల ఉండి అమీర్‌పేటల ఫుల్ స్టాక్ కోర్సు చేసిన. ఆరు నెలల నుంచి పెద్ద కంపెనీలకు పెడుతున్న, కాల్స్ వస్తలేవు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌ల ఒక చిన్న ఏజెన్సీల తీసుకుంటమంటున్నరు, ఎనిమిది మందే ఉన్నరు, జీతం 18 వేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యాల్నంట, రెండేండ్ల బాండ్ అంట. మా బాపు ఏమో గంత చిన్న కంపెనీ ఎందుకు బిడ్డా అంటున్నడు. చేరాల్నా వద్దా?
(పేరు వద్దన్నారు, ఎస్సార్ నగర్)

జవాబు: చెల్లీ, ఎనిమిది మందే ఉన్నారని భయపడాల్సిన పనిలేదు, ఒరిజినల్స్ అడిగారు చూడు, భయపడాల్సింది దానికి. టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా నీ ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ పెట్టొద్దు. ఒక పూట ఎదురుగా చూసుకుని వెరిఫై చేసుకోమను, నీ సంతకం పెట్టిన జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ నీ బ్యాగులో పెట్టుకుని రా. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం వద్దు, ఇందులో రెండో మాట లేదు. బాండ్ సంగతి, ఎందుకు ఎంత కట్టాలో అందులో రాసుందా చూడు. నీకు నిజంగా నేర్పించడానికి ఖర్చుపెట్టినదానికి తగ్గట్టు ఒక మొత్తం అడగడం వేరు, ఏమీ నేర్పకుండా లక్షలు రాసుకోవడం వేరు, రెండోదానికి సంతకం పెట్టకు. ఇంకోటి, పీఎఫ్ చట్టం 20 మంది ఉన్నచోటే తప్పనిసరి, ఈఎస్‌ఐ 10 మంది ఉన్నచోట, కాబట్టి ఎనిమిది మంది ఆఫీసులో ఈ రెండూ ఉండకపోవచ్చు. అది మోసం కాదు, కానీ 18 వేలల్లోంచే ఒక చిన్న హెల్త్ పాలసీ నువ్వే కట్టుకోవాలి అని లెక్కేసుకో.

ఇవి సరిగ్గా ఉంటే చేరమనే చెప్తా, బాపుకి కూడా నా మాటగా చెప్పు. పెద్ద కంపెనీలో మొదటి ఏడాది ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో చిన్న మూల నీకిస్తారు, క్లయింట్ మొహం కూడా చూడవు. చిన్న ఏజెన్సీలో సోమవారం ఒక డయాగ్నస్టిక్ సెంటర్ సైటు, బుధవారం ఒక స్కూలు అడ్మిషన్ ఫారం, శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే ఫారం నింపితే మెయిల్ రావట్లేదని ఫోన్, అప్పుడు కూర్చుని ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ పోతే సర్వర్ అంటే ఏంటి, డీఎన్ఎస్ అంటే ఏంటి, మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు పోతుంది అన్నీ ఒక్క రాత్రిలో అర్థమవుతాయి, ఏ కోర్సులోనూ అలా రావు. డిజైనర్ పక్క కుర్చీలోనే ఉంటుంది, డిజైన్ గీసే ఫిగ్మాలో తను పెట్టిన 24 పిక్సెల్ గ్యాప్ నీ పేజీలో 20 అయితే వెంటనే పట్టుకుంటుంది, మొదట విసుగొస్తుంది, ఆరు నెలలకి నీ కన్నే పట్టుకుంటుంది.

చేరేముందు వాళ్ళని నువ్వూ కొన్ని అడుగు. నా కోడ్ ఎవరు చూసి సరిదిద్దుతారు అని మొదట ఇదే అడుగు, ఎవరూ లేరు నువ్వే చూసుకోవాలి అంటే ఫ్రెషర్‌గా ఆ చోటు నీకు కష్టం. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచి ఉంచే గిట్ వాడతారా, లేక లైవ్ సర్వర్లోనే నేరుగా మార్చేస్తారా. జీతం ఏ తారీకున వేస్తారు. నేను చేసిన సైట్లు తర్వాత నా పనిగా చూపించుకోవచ్చా. ఈ నాలుగింటికి తడుముకోకుండా జవాబిస్తే మంచి మనుషులే.

మూడు నెలల కోర్సులో రియాక్ట్, నోడ్, మోంగోడీబీ అన్నీ చూపిస్తారు, తప్పనట్లేదు, అమీర్‌పేట లేకపోతే ఇంగ్లీషు మీడియం చదవని పిల్లలు ఎంతమంది ఈ పనిలోకి వచ్చేవాళ్ళు. కానీ ఇంటర్వ్యూల్లో నేను చూసేది వేరు. హెడ్డింగ్‌ని హెడ్డింగ్ ట్యాగ్‌తో రాసిందా డివ్‌తో రాసిందా, బటన్‌ని బటన్‌గా రాసిందా, పేజీ చిన్న ఫోన్లో పక్కకి జరుగుతోందా. ఈ వారం మీ ఊరి ఎరువుల షాపుకో, మీ స్కూలుకో ఒక్క పేజీ చెయ్యి, ఫ్రేమ్‌వర్క్ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో, చేసి బాపు ఫోన్లో తెరిచి చూపించు. ఆయనకి సగం ప్రశ్నలు తీరతాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్, మేం ముగ్గురు ఫ్రెండ్స్ కొండాపూర్‌లో చిన్న స్టూడియో పెట్టుకున్నాం. ఒక రియల్ ఎస్టేట్ క్లయింట్‌కి 2 లక్షలకి సైటు ఒప్పుకున్నాం, లక్ష అడ్వాన్స్ ఇచ్చారు. ఆ తర్వాత చిన్న ఛేంజ్ చిన్న ఛేంజ్ అంటూ వాట్సాప్‌లో రాత్రి పన్నెండింటికి కూడా మెసేజ్‌లే, మేనేజర్ ఓకే అంటే ఎండీ గారు వద్దంటారు, ఎండీ గారు ఓకే అంటే వాళ్ళ సిద్ధాంతి గారు హోమ్ పేజీలో నలుపు వద్దన్నారు. ముహూర్తానికి లైవ్ చేయాలంటే రాత్రంతా కూర్చుని చేశాం. లైవ్ అయి నాలుగు నెలలైంది, మిగతా లక్ష ఇవ్వట్లేదు. సర్వర్ లాగిన్ ఇంకా మా దగ్గరే ఉంది, ఆపేద్దామా అనుకుంటున్నాం.
(ముగ్గురు మిత్రులు, కొండాపూర్)

జవాబు: ఆపకండి. చేతులు జోడించి చెప్తున్నా, ఆపకండి. సర్వర్ వాళ్ళ పేరు మీద ఉండి మీరు వాళ్ళ అనుమతి లేకుండా లోపలికెళ్ళి సైటు ఆపేస్తే ఐటీ చట్టం 2000 కింద కేసు మీ మీద పడుతుంది, అప్పటిదాకా మీరు బాకీ రావాల్సినవాళ్ళు, ఆ క్షణం నుంచి మీరే తప్పు చేసినవాళ్ళు. ఇంకా ముఖ్యం, పైన వనస్థలిపురం అమ్మగారి ఉత్తరం చదవండి, సైటు ఆగిన షాపువాళ్ళకి ఎలా ఉంటుందో. ఆ ఫ్లాట్ల కోసం ఫోన్ చేసేవాళ్ళు మీకు బాకీ లేరు కదా.

మీ డబ్బు రావడానికి దారి వేరే ఉంది, మన చిన్న ఆఫీసుల్లో చాలామందికి ఇది తెలియదు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? ఆన్‌లైన్‌లో ఉచితం, సర్వీసు చేసే చిన్న సంస్థలకీ వర్తిస్తుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ చేసిన పనికి డబ్బు, ఒప్పందంలో గడువు రాసుకుంటే ఆ గడువులోపు, అది ఎలా రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లోపు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల ఫిర్యాదులు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇంకో రూలు వచ్చింది, ఆ గడువులోపు కట్టని డబ్బుని కంపెనీ ఖర్చుగా చూపించుకోలేదు, నిజంగా కట్టిన ఏడాదే చూపించుకోవాలి. ఎండీ గారికి మీ బాధ పట్టకపోవచ్చు, వాళ్ళ సీఏ గారికి ఈ రూలు బాగా పడుతుంది, అందుకే గుర్తుచేసే మెయిల్‌లో అకౌంట్స్ వాళ్ళని కూడా పెట్టండి. మర్యాదగా, ఇన్‌వాయిస్ నంబరు, లైవ్ అయిన తేదీ, ఓకే అన్న మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేసి. ఉద్యమ్ నంబరు ఇన్‌వాయిస్ మీదే వేస్తూ ఉండండి, ఇప్పటిదాకా తీసుకోకపోయుంటే ఇకమీద పని మొదలుపెట్టకముందే తీసుకుని ఉండాలి, పని అయిపోయాక తీసుకున్న రిజిస్ట్రేషన్ మీద కోర్టుల్లో చాలా వాదనలు నడిచాయి.

ఇక మళ్ళీ ఇలా జరక్కుండా. కొటేషన్‌లో ఏమేం చేస్తామో అందరం రాస్తాం, ఏమేం చేయమో రాయం, గొడవలన్నీ అక్కడే పుడతాయి. ఫోటోలు తీయడం ఇందులో లేదు, తెలుగు కంటెంట్ రాయడం లేదు, లైవ్ అయ్యాక నెల దాటితే మార్పులకి వేరే బిల్లు, ఇలా పేరుపేరునా రాయండి. మార్పులు రెండు రౌండ్లు అని రాసి, రౌండ్ అంటే ఏంటో కూడా రాయండి, అందరి మాటలూ కలిపి ఒకే మెయిల్‌లో పంపితే అది ఒక రౌండ్. ఓకే చెప్పే మనిషి ఒక్కరే, ఆ మనిషి పేరు ఒప్పందంలో ఉండాలి. సిద్ధాంతి గారి మాట వాళ్ళకి ముఖ్యమైతే అందులో తప్పేం లేదు, రంగులు ఖాయం చేసే మీటింగ్‌కే ఆయన్నీ పిలవమనండి, నేనలా రెండుసార్లు చేశాను, ఆయన పదినిమిషాల్లో తేల్చేసి కాఫీ తాగి వెళ్ళారు. డబ్బు మేం 40 శాతం ముందు, డిజైన్ ఓకే అయ్యాక 30, మిగతా 30 లైవ్‌కి ముందు తీసుకుంటాం. చివరి వాయిదా వచ్చేదాకా సైటు మా స్టేజింగ్ లింకులోనే, అంటే లైవ్ కాకముందు చూసుకునే లింకులోనే ఉంటుంది, వాళ్ళు రోజూ చూసుకోవచ్చు. ముహూర్తం ఉంటే ఆ తేదీ ముందే అడిగి, దానికి వారం ముందు వాయిదా తేదీ వేస్తాం. డబ్బు అందిన రోజే లాగిన్లూ కోడూ హక్కుల కాగితమూ అన్నీ ఇచ్చేస్తాం, ఏదీ దాచుకోం.

ప్రశ్న: అయ్యా, మా గ్రంథాలయ సంఘం పాత సంచికలు వెబ్‌లో పెట్టాలని మా కోరిక. ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో ఉన్నాయి. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి. డిజైన్ చేసే అబ్బాయి పేజీలన్నీ బొమ్మలుగా పెట్టేద్దాం అంటున్నాడు. అతను చేసిన హెడ్డింగుల్లో కింద వత్తులు కూడా తెగిపోతున్నాయి. ఏం చేయాలి?
(ఒక సభ్యుడు, చిక్కడపల్లి)

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది, నేను పని నేర్చుకుంది చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్లోనే, పేజ్‌మేకర్‌లోనే. బొమ్మలుగా మాత్రం పెట్టకండి. బొమ్మలో ఉన్న తెలుగుని గూగుల్‌లో ఎవరు వెతికినా దొరకదనే అనుకోండి, చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించలేదు, అక్షరాలు పెద్దవి చేసుకుంటే మసకబారతాయి. అన్నేళ్ళ సంచికలు కష్టపడి పెట్టి ఎవరికీ దొరక్కపోతే ఎలా.

అను ఫాంట్లలో జరిగేదేంటంటే, ఫైల్లో నిజంగా ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఆ ఫాంటు వాటికి తెలుగు ముక్కల వేషం వేస్తుంది, ఫాంటు తీసేస్తే వేషం పోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి సొంతంగా చోటుంది, అ అంటే ఏ ఫోన్లోనైనా అ నే. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, వాటితో మార్చాక తప్పకుండా ఒక మనిషి కూర్చుని ప్రూఫ్ చదవాలి, వత్తులూ గుడి దీర్ఘాలూ తారుమారవుతుంటాయి. మీ సంఘంలో రిటైరైన తెలుగు మాస్టార్లు ఉంటారు కదా, ఈ పనికి వాళ్ళకంటే మంచివాళ్ళు దొరకరు.

వత్తులు తెగడం సీఎస్ఎస్‌లో లైన్ హైట్ వల్ల, అంటే ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు వల్ల. ఇంగ్లీషుకి 1.2 పెడితే అందంగా ఉంటుంది, తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు, "స్త్రీ" లాంటి మాటకి రెండంతస్తులు, అందుకని చదివే పేరాకి 1.7 దాకా పెట్టమనండి, హెడ్డింగ్‌కి కూడా 1.4 కంటే తగ్గించొద్దు. పెట్టెకి ఎత్తు ఫిక్స్ చేసి మించింది దాచెయ్యమంటే వత్తులే బలవుతాయి. లెటర్ స్పేసింగ్, ఇటాలిక్ తెలుగు మీద వాడొద్దు, మన గుండ్రటి అక్షరాలు పక్కకి వంచితే పడిపోతున్నట్టుంటాయి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని రాయాలి, లేకపోతే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో తడబడుతుంది.

ఫాంట్లకి కొదవలేదు. 2013 ప్రాంతంలో సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా వదిలిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, ధూర్జటి, గిడుగు, సూరన్న అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పేరాలకి నాకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఇష్టం, రామభద్ర లాంటి లావు అక్షరం హెడ్డింగ్‌కే బాగుంటుంది. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషుదానికంటే బరువు, గుణింతాలూ వత్తులూ అన్నిటికీ రూపాలు గీయాలి కాబట్టి, ఒక పేజీలో రెండు ఫాంట్లు చాలు.

ఇంకో చిన్న విషయం, ప్రూఫ్ చూసేవాళ్ళకి చెప్పండి. "సాఫ్ట్‌వేర్", "వెబ్‌సైట్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది లేకపోతే పక్కనున్న అక్షరం వత్తుగా మారి కిందికి దిగిపోతుంది. పాత సంచికల్లో ఇంగ్లీషు పేర్లు వచ్చిన ప్రతిచోటా చూసుకోవాలి.

ప్రశ్న: నాకు 71 ఏళ్ళు, రైల్వేలో రిటైరయ్యాను, మెట్టుగూడలో ఉంటాను. మందులు, టికెట్లు, పుస్తకాలు అన్నీ ఫోన్లోనే కొనుక్కోమంటారు పిల్లలు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ అక్షరాలు కనపడవు, తెల్ల కాగితం మీద పెన్సిలు గీసి చెరిపినట్టుంటాయి. ఏది నొక్కాలో తెలియదు, ఒకటి నొక్కితే పక్కది తెరుచుకుంటుంది. నన్ను ఇబ్బంది పెట్టిన మూడు సైట్ల పేర్లు విడిగా రాస్తున్నాను. మాలాంటివాళ్ళ గురించి మీరెవరైనా ఆలోచిస్తారా?
(ఒక పాఠకుడు, మెట్టుగూడ)

జవాబు: సార్, తప్పు మీ కళ్ళది కాదు. అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య ఎంత తేడా ఉండాలో ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఒకటుంది, మామూలు అక్షరాలకి కనీసం 4.5 రెట్లు, పెద్ద అక్షరాలకి 3 రెట్లు. డిజైనర్లు ఇష్టంగా వాడే, కోడ్‌లో 999 అని రాసే బూడిద రంగుని తెలుపు మీద కొలిస్తే 2.85 వస్తుంది, అంటే చాలా తక్కువ. కొంచెం ముదురు చేసి 767676 చేస్తే 4.54 వచ్చి గట్టెక్కుతుంది. ఏసీ గదిలో పెద్ద మానిటర్ ముందు కూర్చున్న ఇరవై అయిదేళ్ళ పిల్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మెట్టుగూడ బస్టాపులో ఎండలో నిలబడి ఫోన్ చూసే మీకు ఆ కొంచెం తేడాతోనే కనపడటమా లేదా అన్నది తేలిపోతుంది. నొక్కేవాటికీ కొలతుంది, 2023లో వచ్చిన కొత్త నియమాల్లో కనీసం 24 పిక్సెళ్ళు అన్నారు, మా ఆఫీసులో మాత్రం 44కి తగ్గించం, వేలు వణికేవాళ్ళకి 24 చాలదు. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలనే చెప్తుంది.

ఈలోగా మీ ఫోన్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద ఫాంట్ సైజు పెంచుకోండి, చాలా ఫోన్లలో అక్షరాలు ముదురుగా కనిపించే హై కాంట్రాస్ట్ ఆప్షన్ కూడా యాక్సెసిబిలిటీ అన్నచోట ఉంటుంది, మనవళ్ళని అడిగితే పెట్టిస్తారు.

మీరు రాసిన మూడు సైట్లలో రెండోది, ఆ పుస్తకాల సైటు, చేసింది మేమే సార్. మీ ఉత్తరం వచ్చిన రోజు ఆరుగురం కూర్చుని దాన్ని ఫోన్లో తెరిచి, మీరు చెప్పినట్టే ఎండలోకి, మేడ మీదకి వెళ్ళి చూశాం. ధర పక్కన తగ్గింపు వివరాలు ఎవరికీ కనపడలేదు, బుట్టలో వేసే బటన్ పక్కనే తీసేసే గుర్తు ఆనుకుని ఉంది. క్లయింట్‌కి చెప్పి, డబ్బు అడక్కుండా, రంగులూ బటన్లూ అన్నీ మార్చాం. పోయిన గురువారం నుంచి కొత్తది లైవ్‌లో ఉంది. మీ ఫోన్లో ఒకసారి తెరిచి, ఇప్పుడైనా కనపడుతోందో లేదో మాకు మళ్ళీ రాయండి.